కర్నూలులో బురుజు కన్నా కాలువే బాగుంది

కర్నూలు వెళ్లినవాళ్లు కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటోలు దిగి, అటు మంత్రాలయానికో ఇటు మహానందికో బస్సెక్కేస్తారు. బురుజు మేమూ చూశాం. అచ్యుతదేవరాయల కాలం నాటి కోటలో మిగిలిన ముక్క, ఊరి నడిబొడ్డున ఉంది. అరగంట చాలు. సొరంగం తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా పోతుందని ఎవరో ఒకరు చెప్తారు, విని ఊరుకోవడమే.

నేను వెళ్లింది మాత్రం కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ కోసం. ఇప్పుడంటే దాన్ని చూస్తే సాగునీటి కాలువే అనిపిస్తుంది గానీ, మొదట్లో అది పడవల దారి కూడా. తుంగభద్రను పెన్నతో కలపాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. పని చేపట్టింది సర్కారు కాదు, ఇంగ్లండులో వాటాలు అమ్మి డబ్బు తెచ్చిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని సర్కారు హామీ ఇచ్చింది. లాభమొస్తే కంపెనీకి, నష్టమొస్తే జనం పన్నులకు అన్నమాట! 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు తవ్వారు.

తవ్వారు సరే, నీళ్లు కొనేదెవరు? నల్లరేగడిలో జొన్న వేసుకునే రైతుకు వానే చాలు, మళ్లీ నీటి తీరువా ఎందుకు కట్టాలి? 1876-78 నాటి ధాత కరువు వచ్చాకే చాలామంది కాలువ వైపు చూశారు, వానలు పడగానే మళ్లీ వెనక్కి తగ్గారు. పడవల మీద కూడా కంపెనీ అనుకున్నంత రాలేదు. చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది, 1933లో పడవల సంగతి పూర్తిగా వదిలేసి సాగుకే ఉంచింది. ఆనాడు వద్దన్న నీళ్ల కిందే ఇప్పుడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. తుంగభద్ర నుంచి వాటా తగ్గితే ఈ రైతులే రోడ్డెక్కుతారు.

ఊళ్లో చూడాల్సింది హంద్రీ మీద కాలువ దాటే చోటు. కింద నది, పైన కట్టుడు తొట్టెలో కాలువ. ఒకప్పుడు ఏటి మీదుగా పడవ వెళ్లిందంటే నమ్మబుద్ధి కాదు. అయితే చెప్పాలి కదా, హంద్రీలో నీటి కన్నా మురుగే ఎక్కువ, వాసన భరించడం కష్టం. అక్కడ చరిత్ర చెప్పే బోర్డు ఒక్కటీ నా కంటపడలేదు. వినాయక్ ఘాట్ దగ్గర కాస్త కూర్చోవచ్చు, నిమజ్జనం రోజుల్లో మాత్రం అటు పోకండి, కాలు పెట్టే సందుండదు.

సుంకేసుల కర్నూలుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు 1.2 టీఎంసీల బ్యారేజీ ఉంది. 2009 అక్టోబరు వరదలో దెబ్బతిన్నది ఇదే, ఆ వరదే కర్నూలును ముంచింది. ఊరి తాగునీటికీ ఇదే పెద్ద దిక్కు. అవతలి గట్టు తెలంగాణ, రాజోలి వైపు. వర్షాకాలం చివర్లో వెళ్తే నిండుగా ఉంటుంది, ఏప్రిల్‌లో వెళ్తే రాళ్లు చూసి రావాలి. ఆటో అయితే రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోండి, తిరుగు బండి కోసం గంటలు నిలబడటం పెద్ద టెన్షన్. టిఫినూ నీళ్లూ ఊళ్లోనే కట్టించుకోవడం మేలు.

బస దగ్గరే కాస్త నిరాశ. బస్టాండు పక్కన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ, రాత్రంతా హారన్లు. వేణ్నీళ్లు పొద్దున ఏడు దాటితే బంద్. రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగండి, అద్దె తేడా ఉండదు. తిండికి మాత్రం లోటు లేదు: పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం జొన్నరొట్టెతో చెనిక్కాయల పొడి అడిగితే రెండోసారి కూడా విసుక్కోకుండా వేశారు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు బురుజు, సుంకేసుల చాలు. హంద్రీ దగ్గర గట్టు మీద కంచె లేని చోట్లున్నాయి, పెద్దవాళ్లు మాత్రమే వెళ్లడం మంచిది, అదీ ఎండెక్కక ముందే.