ఇల్లు ఫ్రిస్కోలో, మేము నల్లగండ్లలో: ల్యాండ్‌లార్డ్ పాలసీ ఇన్నేళ్లు వాడాక

2017లో హైదరాబాద్ తిరిగొచ్చేశాం. టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న ఇల్లు అమ్మబుద్ధి కాలేదు, అద్దెకిచ్చాం. అప్పట్నుంచీ దాని మీద ఒకే కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీ నడుస్తోంది, అద్దెకిచ్చిన ఇళ్లకి ఇచ్చే రకం. 2021 ఫిబ్రవరి చలి తుఫాను దెబ్బకీ, ఆ తర్వాత వడగళ్ల దెబ్బకీ క్లెయిమ్ చేసి డబ్బు తెచ్చుకున్నాం కాబట్టి ఇప్పుడు నాలుగు మాటలు రాయొచ్చనిపిస్తోంది. కంపెనీ పేరు మాత్రం చెప్పను. అదే కంపెనీ హ్యూస్టన్‌లో ఒక షరతు, డాలస్‌లో ఇంకో షరతు పెడుతుంది. పేరు చూసి కొంటే ఉపయోగం లేదు, కాగితం చదవాల్సిందే.

"ఇక్కడి కంపెనీలోనే తీసుకోకపోయారా?" అని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడిగారు. మన దగ్గర 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఇంటి పాలసీ భారత్ గృహ రక్ష మన దేశంలో ఉన్న ఇళ్లకే. టెక్సస్ ఇంటికి టెక్సస్‌లో లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. ఇంకో తేడా కూడా ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునగడం చూసిన మనకి, ఇంటి పాలసీలో వరద ఉండే ఉంటుందనిపిస్తుంది. భారత్ గృహ రక్షలో నిజంగానే ఉంటుంది, భూకంపంతో సహా. అమెరికా మామూలు ఇంటి పాలసీలో ఈ రెండూ ఉండవు. వరదకి విడిగా పాలసీ కట్టాలి. ప్రభుత్వ వరద పథకంలో ఇంటి కట్టడానికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు ఇస్తారు, మామూలుగా తీసుకున్న 30 రోజులకి గానీ అది అమల్లోకి రాదు. హరికేన్ వార్త టీవీలో చూసి కొందామంటే కుదరదు.

అసలు విషయం పాలసీ రకం. మనం ఉన్నప్పుడు ఉండేది హెచ్‌ఓ-3, యజమాని కాపురమున్న ఇంటికి. విమానం ఎక్కి వచ్చేసి, లోపల అద్దెవాళ్లని పెట్టి, అదే పాలసీకి ప్రీమియం కడుతూపోతే క్లెయిమ్ రోజున "మీరు అక్కడ ఉండట్లేదుగా" అని తిప్పి పంపొచ్చు. ఇంటి అప్పు వాయిదాతో పాటు ప్రీమియం కోసం బ్యాంకు పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోతుంటుంది కాబట్టి చాలామందికి ఈ సంగతి తట్టదు కూడా. అద్దె ఇంటికి తీసుకోవాల్సింది డీపీ రకం. డీపీ-1 చవక, కానీ పేరు రాసిన ప్రమాదాలకే పనికొస్తుంది, ఇచ్చేదీ సాధారణంగా తరుగు తీసేసిన ధరే. మాది డీపీ-3. అందులో కట్టడానికి సంబంధించినంతవరకూ ఫలానాది వర్తించదు అని రాసినవి తప్ప మిగతావన్నీ వర్తిస్తాయి. ఒక మెలిక ఉంది: అద్దెవాళ్ల ఇంటికొచ్చిన చుట్టం మెట్ల మీద జారిపడి మన మీద కేసు వేస్తే కాచే లయబిలిటీ డీపీ-3లో మామూలుగా ఉండదు, విడిగా జత చేయించుకోవాలి. మేం చేయించాం. అమెరికాలో ఆ కాస్త ఖర్చుకి వెనకాడకూడదని నా అభిప్రాయం.

ఎంతకి ఇన్సూర్ చేయాలన్న దగ్గర మనవాళ్లు జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైట్ చూపించే ధర పట్టుకుని కూర్చుంటారు. అందులో స్థలం విలువ కూడా కలిసి ఉంటుంది, స్థలం కాలిపోదు కదా. అదే ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే లెక్క. మాది మూడున్నర లక్షల డాలర్లు.

ఇక చలి తుఫాను. అద్దెకున్న గుంటూరు అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, గరాజ్ సీలింగ్ ఊడి కారు మీద పడింది, పైనుంచి నీళ్లు ధారగా వస్తున్నాయి." కరెంటు పోయి హీటర్ ఆగిపోవడంతో అటకమీద పైపు గడ్డకట్టి పగిలింది. అతనికి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలీదు. వీధి పక్కన గడ్డిలో మీటర్ మూత ఉంటుంది, అది తెరిచి తిప్పమని వీడియో కాల్‌లో నేనే చూపించాను. క్లెయిమ్ రాయించే టోల్‌ఫ్రీ నంబరు ఇక్కడి ఫోన్ నుంచి కలవలేదు. కంపెనీ యాప్ ఇండియాలో తెరుచుకోదు. చివరికి పని జరిగింది మా ఏజెంట్ వల్లే. అతను ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని ఇండిపెండెంట్ ఏజెంట్, మెసేజ్ పెడితే జవాబిస్తాడు. శీతాకాలంలో డాలస్‌లో పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. నష్టం లెక్కగట్టే కంపెనీ మనిషి, అంటే అడ్జస్టర్‌తో మాటలన్నీ భోజనాలయ్యాకే. రాష్ట్రమంతా క్లెయిములే కాబట్టి మనిషి రావడం ఆలస్యమైంది కానీ, డబ్బు విషయంలో పేచీ పెట్టలేదు. ఇల్లు ఉండడానికి వీల్లేకుండా ఉన్నన్నాళ్ల అద్దె కూడా ఇచ్చారు. ఆ కవరేజీ పాలసీలో ఉందో లేదో ముందే చూసుకోండి. అబ్బాయి సోఫా, టీవీ మన పాలసీలోకి రావు. రెంటర్స్ ఇన్సూరెన్స్ తప్పనిసరని లీజులో రాశాం కాబట్టి వాటి సంగతి అతని పాలసీ చూసుకుంది, కారుకి కారు పాలసీ ఉంది.

వడగళ్ల క్లెయిమ్ దగ్గరే నిజమైన పాఠం. ఉత్తర టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్లే, అందుకే గాలి, వడగళ్లకి డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా) వేరే ఉంటుంది, అదీ శాతంలో. మాది రెండు శాతం. నష్టంలో రెండు శాతం కాదండీ, ఇంటి ఇన్సూరెన్స్ మొత్తంలో రెండు శాతం, అంటే ఏడు వేల డాలర్లు మన జేబులోంచి. కప్పు మార్చడానికి 18 వేలయింది. పాత షింగిల్స్‌కి (కప్పు మీద పరిచే పలకలకి) తరుగు ఆరు వేలు వేశారు. ముందొచ్చిన చెక్కు అయిదు వేలే. పని పూర్తయ్యాక బిల్లులు పంపితే ఆ ఆరు వేలూ వచ్చాయి. కప్పుకి పూర్తి మార్పిడి ఖర్చు ఇచ్చే షరతు ఉంది కాబట్టి అలా జరిగింది. అదే 'తరుగు పోను విలువ' అని ఉంటే అయిదు వేలతో సరి, మిగతా పదమూడు వేలు మనమే పెట్టుకోవాలి. ఏటా ప్రీమియం రెండు మూడొందలు తక్కువని చూపించే కొటేషన్లలో చాలావాటికి ఈ కప్పు షరతే కారణం. ప్రీమియం అంకె కంటే ముందు ఆ లైను చూడండి.

ఆ అయిదు వేల చెక్కు కథ కూడా చెప్పాలి. అప్పు ఇంకా ఉంది కాబట్టి చెక్కు మా ఇద్దరి పేర్లతో పాటు బ్యాంకు పేరు మీద కూడా వచ్చింది. వచ్చింది ప్లేనోలో ఉండే మా తమ్ముడి ఇంటికి, ఉత్తరాల చిరునామా అదే ఇచ్చాం. వాడు దాన్ని కొరియర్‌లో ఇక్కడికి పంపి, మేం వెనక సంతకాలు చేసి, తిరిగి బ్యాంకుకి పంపి, వాళ్లు సంతకం పెట్టి... కాంట్రాక్టరేమో డబ్బెప్పుడని రోజూ మెసేజ్. అతనే మొదట్లో "డిడక్టబుల్ మీరు కట్టక్కర్లేదు, నేను బిల్లులో సర్దుతాను" అన్నాడు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అలా చేయడం చట్టవిరుద్ధం. వద్దన్నాం.

కప్పు మార్చేటప్పుడు దెబ్బలకి తట్టుకునే క్లాస్-4 షింగిల్స్ వేయించాం, ప్రీమియంలో తగ్గింపు వచ్చింది. ఆ తగ్గింపుకి బదులుగా, పైపై సొట్టలకి డబ్బివ్వం అనే కాగితం ఏదైనా సంతకం పెట్టమంటారేమో అడిగి తెలుసుకోండి.

పునాది పగుళ్లకి ఏ పాలసీ మీదా ఆశ పెట్టుకోకండి. ఆ ప్రాంతంలో నేల అచ్చం మన నల్లరేగడే, ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బుతుంది. నేల కదలికని పాలసీ ముందే తీసేస్తుంది. అందుకే ఎండాకాలంలో పునాది చుట్టూ నీళ్లు పెట్టాలని లీజులో ఒక వాక్యం రాసుకున్నాం.

పన్నుల సంగతి క్లుప్తంగా. విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఇంటిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవడానికి మన విదేశీ మారక చట్టం ఫెమాలో 6(4) సెక్షన్ అనుమతిస్తుంది. ప్రీమియంని అమెరికా రిటర్న్‌లో అద్దె ఖర్చుగా చూపించొచ్చు. మన రిటర్న్‌లో విడిగా చూపించడం కుదరదు, అద్దె మీద ఇచ్చే 30 శాతం తగ్గింపులోనే అదీ వచ్చేసినట్టు. పూర్తి రెసిడెంట్ అయ్యాక ఆ ఇంటిని మన రిటర్న్‌లో విదేశీ ఆస్తుల జాబితా అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించకపోతే పది లక్షల రూపాయల పెనాల్టీ పడొచ్చు, ఆడిటర్‌కి ముందే చెప్పండి.

మార్కులు వేయమంటే పాలసీకి అయిదుకి నాలుగు, కంపెనీ సర్వీసుకి రెండున్నర, ఏజెంట్‌కి అయిదు. రెన్యువల్‌కి ప్రీమియం పెరుగుతూనే ఉంది, అయినా ఈసారి వడగళ్ల డిడక్టబుల్ ఒక శాతానికి దించమని అడిగాం. పిల్లలు రేపు అక్కడ చదువుకుంటారని ఇంటికి తాళం వేసి ఉంచేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు. ఇల్లు 30 నుంచి 60 రోజులు ఖాళీగా ఉందంటే దొంగతనం, విధ్వంసం, పైపులు పగలడం లాంటివాటికి చాలా పాలసీల్లో కవరేజీ ఆగిపోతుంది. వాళ్లు ఖాళీ ఇళ్ల కోసమే ఉండే పాలసీ అడగాలి, దానికి ధర ఎక్కువే పడుతుంది.