పుస్తకం ఎడిటింగ్‌కు డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక: మార్పులు చూపించనిదే అచ్చుకు ఒప్పుకోకండి

సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకోవాలనుకునేవారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దలు రాసిపెట్టిన జ్ఞాపకాలను అచ్చులోకి తేవాలనుకునే పిల్లలు, ఎడిటింగ్ పేరుతో అడ్వాన్సు చెల్లించే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా నాన్నగారి రాతప్రతిని హైదరాబాద్‌లోని ఒక ప్రచురణ సేవల సంస్థకు అప్పగించి, 40,000 రూపాయలు అడ్వాన్సుగా చెల్లించి, నాలుగు నెలలు ఎదురుచూశాను. చివరికి నా చేతికి వచ్చిన పీడీఎఫ్‌లో ఆయన రాసిన వాక్యం ఏదో, వేరేవారు మార్చిన వాక్యం ఏదో విడదీసి చెప్పడం కూడా కష్టమైంది. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఆ సంస్థ పేరు కన్నా ఆ పని జరిగిన తీరు మీకు తెలియడమే ముఖ్యమని నా ఉద్దేశం.

నాన్నగారిది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. బడిపంతులుగా పనిచేస్తూనే ఎవుసం (వ్యవసాయం) చేశారు. ఉద్యోగ విరమణ తరువాత మూడు పెద్ద నోటుపుస్తకాల నిండా తన చిన్ననాటి సంగతులు రాసిపెట్టారు: తెల్లవారుజామున లేచి మోట కొట్టిన రోజులు, 1948 సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చినప్పుడు పదేళ్ల పిల్లవాడిగా చూసినవి, ఊరికి కరెంటు వచ్చి మోటలు మూలపడిన కాలం. నలభై ఏళ్ల పాటు పిల్లలకు పుస్తక భాషలో పాఠాలు చెప్పిన మనిషి, తన సొంత కథకు వచ్చేసరికి ఇంట్లో మాట్లాడే మాటలోనే రాయాలని నిశ్చయించుకున్నారు. ఆ సంగతి మొదటి నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుకున్నారు కూడా. ఆయన పోయిన తరువాత ఆ మూడింటినీ నేనే యూనికోడ్‌లో టైపు చేశాను. మొత్తం 52,000 పదాలు వచ్చాయి.

సంస్థవారితో కుదిరిన ప్యాకేజీ 78,000 రూపాయలు. అందులో ఎడిటింగ్‌కు 26,000, పుస్తకపు గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు 3,500, మిగిలినది డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని), ముఖచిత్రం, 300 కాపీల ముద్రణకు. డెమ్మీ సైజులో సుమారు 240 పేజీలు, అంటే ఫారానికి 16 పేజీల చొప్పున 15 ఫారాలు అవుతుందని అంచనా ఇచ్చారు. "మీరు ఫైలు పంపండి మేడమ్, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాటకు అప్పుడు నాకు ఎంతో నిశ్చింత కలిగింది. ఎడిట్ ఎవరు చేస్తారు, ఆ మనిషితో నేను మాట్లాడవచ్చా, ముందుగా ఒకటి రెండు పేజీలు చేసి చూపిస్తారా అని నేను అడగలేదు. వాళ్లూ నన్ను ఏమీ అడగలేదు. యాభై వేల పదాల రాతప్రతి మీద నాలుగు నెలల్లో ఒక్క సందేహం కూడా రాలేదంటే, దాన్ని ఎవరూ చదవలేదని నేను అప్పుడే గ్రహించవలసింది.

పీడీఎఫ్ వచ్చిన రోజు సాయంత్రం అమ్మకు చూపు సరిగా ఆనదు కాబట్టి మొదటి అధ్యాయం నేనే పైకి చదివి వినిపించాను. రెండు పేజీలు విన్న తరువాత ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "గిది మీ నాయిన మాట గాదు బిడ్డా" అంది. ఆ రాత్రే నోటుపుస్తకాన్ని పక్కన పెట్టుకుని వాక్యం వెంట వాక్యం పోల్చడం మొదలుపెట్టాను. పద్దెనిమిది పేజీల ఒక్క అధ్యాయంలోనే 211 మార్పులు లెక్క తేలాయి.

ఆ మార్పుల్లో ఎక్కువ భాగం ఒక మనిషి చదువుతూ చేసినవి కావు. కంప్యూటర్‌లో ఒక మాటను వెతికి, ఉన్నచోటల్లా ఒక్కసారిగా మరో మాట పెట్టించే సదుపాయంతో చేసినవి. నాన్నగారు 'బాయి కాడ', 'చెర్వు కాడ' అని రాసినచోట 'కాడ'ను 'దగ్గర'గా మార్చాలని ఎవరో అనుకున్నారు. తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో ఎలా నిలవ ఉంటాయో తెలియనివారు ఈ పని చేస్తే ఏమవుతుందో చూడండి. 'డి', 'డె' అనేవి మనకు ఒక్కో అక్షరం, కాని యంత్రానికి 'డ' పక్కన ఒక గుణింతపు గుర్తు. అందువల్ల 'కాడ' అని వెతికితే అది 'కాడి'లోనూ, 'కాడెద్దులు'లోనూ కూడా దొరుకుతుంది. కాబట్టి మా తాత 'కాడి కట్టిన' వాక్యం 'దగ్గరి కట్టిన' అయింది. కాడెద్దులు 'దగ్గరెద్దులు' అయ్యాయి. జొన్నరొట్టెతో తిన్న ఉల్లికాడలు 'ఉల్లిదగ్గరలు' అయ్యాయి. బంధువు చేసిన అప్పును తన మీద వేసుకోవడానికి తాత 'వెనకాడలేదు' అని నాన్నగారు రాసుకున్న వాక్యం 'వెనదగ్గరలేదు' అని అచ్చుకు సిద్ధమైంది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాన్నగారి గొంతు జీరబోయేది.

'బాయి'ని 'బావి' చేసినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆయన పాఠశాలలో వేసిన నాటకంలోని ఝాన్సీ లక్ష్మీబాయి 'లక్ష్మీబావి'గా మారింది. 'అబ్బాయి' అన్న మాటలో కూడా 'బాయి' ఉంది కదా, పుస్తకమంతటా ప్రతి అబ్బాయీ 'అబ్బావి' అయ్యాడు. ఒక్క మనిషి ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా చదివి ఉన్నా ఇవి కంటపడకుండా ఉండవు.

వెంటనే కంటికి ఆనే తప్పులను దిద్దుకోవచ్చు. వాటికన్నా భయపెట్టవలసినవి, చదివితే సరిగ్గానే ఉన్నట్టు కనిపించే మార్పులు. మా వైపు చాలా ఇళ్లలో అవ్వ అంటే తల్లి. రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. ఆ తేడా తెలియనివారెవరో 'మా అవ్వ'ను 'మా అమ్మమ్మ'గా మార్చారు. దానితో "మా అవ్వ నన్ను కన్న యాడాది వానలు లేవు" అన్న వాక్యం "మా అమ్మమ్మ నన్ను కన్న సంవత్సరం వర్షాలు లేవు" అయింది. మరొకచోట, సైన్యం వచ్చిన సందర్భంలో నాన్నగారు రాసిన 1948 సెప్టెంబరును 1947 ఆగస్టుగా దిద్దారు. స్వాతంత్ర్యం 1947లో వచ్చింది కాబట్టి రచయితే పొరపాటు పడ్డారని అనుకున్నారేమో. హైదరాబాద్ సంస్థానంలోకి సైన్యం ప్రవేశించింది 1948 సెప్టెంబరు 13న, నిజాం లొంగిపోయింది 17న. ఆయన తన కళ్లతో చూసి, సరిగ్గా రాసిన తేదీని చెరిపి, తప్పు తేదీని ఆయన పేరు కిందే అచ్చువేయబోయారు.

ఫోన్ చేసి అడిగితే, "పాఠకులకు అర్థం కావాలి కదా మేడమ్, అందుకే స్టాండర్డ్ తెలుగులోకి మార్చాం" అని సమాధానం చెప్పారు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రాష్ట్రంలో, నల్లగొండ మనిషి రాసిన 'బాయి'ని అచ్చుతప్పుగా చూడడం నాకు తీరని బాధ కలిగించింది. నిజానికి ఎడిటర్ భాషను మార్చాలని భావిస్తే అందులో తప్పులేదు, కాని ఆ నిర్ణయం రచయితదో, రచయిత లేకపోతే వారసులదో కావాలి, పని మొదలయ్యే ముందే కావాలి. ఏ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి, 'వొచ్చిండు' అని రాయాలా 'వచ్చిండు' అని రాయాలా, 'ఎవుసం' ఉన్నచోట ఉంచాలా, అంకెలు ఎలా వేయాలి అని ముందుగా ఒక పట్టిక రాసుకుని, దాన్ని ఇద్దరూ ఒప్పుకున్న తరువాతనే మంచి ఎడిటర్లు కలం పట్టుకుంటారని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకో సంగతి. ఎడిటింగ్, ప్రూఫులు దిద్దడం ఒకటే అనుకుని నేను మోసపోయాను. అధ్యాయాల వరుస, చెప్పిందే మళ్లీ చెప్పడం, తేదీల పొంతన, వాక్యాల స్పష్టత చూసేది ఎడిటింగ్. అది డీటీపీకి ముందు జరగాలి. పేజీలు కట్టిన తరువాత అక్షరదోషాలు పట్టుకునేది ప్రూఫ్ పని. తెలుగులో ఈ రెండోదాన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. కారణం, మనం యూనికోడ్‌లో ఇచ్చిన ఫైలును చాలాచోట్ల అనూ ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మార్చి పేజ్‌మేకర్‌లో పేజీలు కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులు తారుమారు కావచ్చు, కంటికి కనిపించకుండా పొల్లును విడిగా నిలబెట్టే గుర్తు ఎగిరిపోవచ్చు. నా ఫైలులో 'హైదరాబాద్‌లో' అన్నది 'హైదరాబాద్లో' అనీ, 'తహసీల్దార్‌కు' అన్నది 'తహసీల్దార్కు' అనీ అతుక్కుపోయాయి. కాబట్టి మార్పిడికి ముందు ఎంత శ్రద్ధగా దిద్దినా, పేజీలు కట్టిన తరువాత మొత్తం మళ్లీ చదవక తప్పదు. నా పుస్తకానికి ఆ చదువు జరగలేదు.

మార్పులను గుర్తులతో చూపే వర్డ్ ఫైలు ఇవ్వమని మూడుసార్లు అడిగాను. పీడీఎఫ్ తప్ప ఏదీ ఇవ్వడం తమ పద్ధతి కాదన్నారు. అనూ ఫాంట్లలో ఉన్న పీడీఎఫ్ నుంచి పాఠాన్ని కాపీ చేస్తే తెలుగు రాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అందువల్ల పాత ఫైలుతో దాన్ని కంప్యూటర్‌లో పోల్చి చూసుకునే దారి కూడా మూసుకుపోయింది, చేత్తో పోల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. పైగా పుస్తకం 240 పేజీలకు బదులు 272 పేజీలు వచ్చింది, అంటే రెండు ఫారాలు పెరిగాయి, ముద్రణ ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుందన్నారు. చూస్తే అక్షరాల సైజు, వరుసల మధ్య ఖాళీ రెండూ పెంచి ఉన్నాయి. ఫాంటు సైజు, పేజీకి ఎన్ని వరుసలు అన్నది ఒప్పందంలో రాయించుకోకపోవడం నా పొరపాటే.

ఐఎస్‌బీఎన్ పేరుతో తీసుకున్న 3,500 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఇచ్చేది కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ. ఇది ఉచితం. రచయిత సొంతంగా కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు నింపినందుకు సేవా రుసుము అని చెప్పి తీసుకుంటే అది వేరు సంగతి. నాకు ఇచ్చిన బిల్లులో మాత్రం 'ఐఎస్‌బీఎన్ ప్రభుత్వ ఫీజు' అని రాసి ఉంది.

ఒప్పంద పత్రం నాలుగో పేజీలో, "ఎడిట్ చేసిన పాఠంపై సర్వహక్కులు సంస్థవి" అని ఒక వాక్యం ఉంది. సంతకం చేసేటప్పుడు నేను దాన్ని చదవలేదు. ఇలాంటి వాక్యం కనిపిస్తే అక్కడే ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. రచయిత మరణం తరువాత అరవై ఏళ్ల వరకు ఆ హక్కు వారసులకు ఉంటుంది. రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కును అదే చట్టం 57వ సెక్షన్ ఇస్తుంది, దాన్ని వారసులు కూడా వాడుకోవచ్చు. ఈ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ నేను ఉత్తరం రాసిన తరువాతనే వాళ్లు ముద్రణ ఆపారు.

డబ్బు మాత్రం తిరిగి రాలేదు. సగం ఇస్తామని మొదట ఒప్పుకుని, తరువాత ఫోన్లు ఎత్తడం మానేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు ఉండదు, కాని కారణం ఏర్పడిన రెండేళ్లలోపే వేయాలి. మీకూ ఇలాంటిది జరిగి ఉంటే రసీదులు, వాట్సాప్ సందేశాలు, మీరు మొదట పంపిన ఫైలు, ఆ మెయిల్ తేదీతో సహా భద్రపరచుకోండి. ఫోన్‌లో చెప్పిన ప్రతి హామీని అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. నేను అలా చేయకపోవడం వల్ల, సగం ఇస్తామన్న మాటకు ఈ రోజు నా దగ్గర ఆధారం లేదు.

ఇప్పుడు రాతప్రతిని విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులొకరు చూస్తున్నారు. ఆయన ముందుగా ఆరు పేజీలు ఉచితంగా చేసి, ప్రతి మార్పూ కనిపించేలా పంపారు. ఆ ఆరు పేజీల్లో ఆయన మార్చినవి పదకొండు, నన్ను అడిగిన ప్రశ్నలు పంతొమ్మిది. "నాన్నగారు 'తూము కాడి చేను' అని మూడుచోట్ల రాశారమ్మా, అది పెద్ద చెరువు తూమా, కుంట తూమా?" అన్నది వాటిలో ఒకటి. నాకు తెలియక అమ్మను అడిగితే, కుంట తూమేనని చెప్పి, ఆ చేనులో ఏ ఏడు ఏం వేశారో గంటసేపు చెప్పింది.

అధ్యాయం తరువాత అధ్యాయం, నేను చూసి ఒప్పుకున్న మేరకే ఆయనకు డబ్బు చెల్లిస్తున్నాను. పాత పీడీఎఫ్‌లోని రెండు పేజీలను, వాటి అసలు రాతప్రతిని పక్కపక్కన పెట్టి, సంస్థ ఆనవాళ్లు తీసేసి ఒక ఫైలు తయారుచేశాను. ఎవరైనా ఒప్పందం మీద సంతకం చేయబోతూ ఉంటే అడగండి, పంపుతాను.