కాలచక్ర పటం: యుగాలు ఉన్నాయి, సంధులు లేవు

పూజ మొదలుపెట్టే ముందు సంకల్పంలో ‘శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే’ అని రోజూ చెప్పుకుంటాం. ఆ మాటలకు అర్థమేమిటని మా మనుమరాలు అడిగినప్పుడు, నోటి లెక్కలతో చెప్పేకన్నా కళ్లకు కట్టేది ఏదైనా ఉంటే మేలనిపించి, విశ్వావసు నామ సంవత్సర ఉగాదికి వెలువడిన ఈ కాలచక్ర పటాన్ని తెప్పించాను. గుడ్డమీద ముద్రించిన మూడడుగుల పటం ఇది; పైనా కిందా చెక్క బద్దలున్నాయి. నెలల తరబడి గోడకు వేలాడుతున్నా రంగు వెలవలేదు, అంచులు ముడుచుకోలేదు.

పటం మధ్యలో రెండడుగుల వ్యాసం గల చక్రాన్ని ఒక మహాయుగంగా, అంటే 43,20,000 సంవత్సరాలుగా, గీశారు. నాలుగు యుగాలకూ సమానమైన ముక్కలు కోసి రంగులు పూసే పటాలు చాలా చూశాను కాని, ఇందులో 4:3:2:1 నిష్పత్తిని నిక్కచ్చిగా పాటించారు: కృతయుగానికి 144 డిగ్రీలు, త్రేతకు 108, ద్వాపరానికి 72, కలికి 36. ఈ లెక్కన ఒక్క డిగ్రీకి 12,000 సంవత్సరాలు వస్తాయి. కలియుగంలో ఇప్పటివరకు గడిచింది అర డిగ్రీ కూడా కాదు కనుక, దానిని చక్రం అంచున నువ్వుగింజంత ఎర్రటి గీతగా చూపించారు. కలి ప్రథమపాదమే, అంటే మొదటి నాలుగో వంతే, 1,08,000 సంవత్సరాలు, చక్రం మీద తొమ్మిది డిగ్రీలు. ఆ తొమ్మిది డిగ్రీల పక్కన ఆ గీతను చూసిన తరువాత, సంకల్పంలో ‘ప్రథమపాదే’ అన్న మాట దగ్గర నేను ఇదివరకటిలా తొందరపడి ముందుకు పోవడం లేదు. ఈ ఒక్క చిత్రం కోసమైనా పటాన్ని కొనవచ్చు.

యుగాల పట్టికనూ శ్రద్ధగా తయారుచేశారు. కృతయుగమంటే 4,000 దివ్యసంవత్సరాలు (దేవతల సంవత్సరాలు), దానికి ముందు తెల్లవారుజాములాంటి సంధ్య 400, వెనుక మునిమాపులాంటి సంధ్యాంశ 400. దివ్యసంవత్సరం ఒక్కటికి 360 మానవ సంవత్సరాల చొప్పున 17,28,000. కలికి సంధ్య 100 దివ్యసంవత్సరాలు, అంటే 36,000 మానవ సంవత్సరాలు. మనం ఇంకా ఆ సంధ్యలోనే ఉన్నామన్న సంగతిని కూడా స్పష్టంగా రాశారు.

ఇంత జాగ్రత్తగా ఉన్నవారు చక్రం కింద ఉన్న కల్పం పట్టీ దగ్గరికి వచ్చేసరికి పొరబడ్డారు. 1,000 మహాయుగాలు బ్రహ్మకు ఒక పగలు, అదే కల్పం, 432 కోట్ల సంవత్సరాలు అని రాసి, దాని కిందనే 14 మన్వంతరాలను, అంటే ఒక్కొక్క మనువు ఏలే కాలాలను, ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా పేర్చి, ఒక్కొక్కటి 71 మహాయుగాలని ముద్రించారు. మా మనుమరాలు పెన్సిలుతో గుణించి చూసి, ‘తాతయ్యా, 994 వస్తోంది, మిగతా ఆరు ఎక్కడ?’ అని అడిగింది. పటంలో దానికి జవాబు లేదు. ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం ప్రతి మన్వంతరం చివర కృతయుగమంత సంధిని, అంటే నడిమి విరామ కాలాన్ని, చెబుతుంది. ఆ కాలమంతా జలప్రళయం. కల్పం ఆరంభంలో ఇంకొక సంధి ఉంటుంది. మొత్తం 15 సంధులు, ఒక్కొక్కటి 17,28,000 సంవత్సరాల చొప్పున 2,59,20,000, అంటే సరిగ్గా ఆరు మహాయుగాలు. లెక్క ఎంత అందంగా సరిపోతుందో చూపే చోటును పటం వదిలేసింది. పైగా, యుగాల సంధ్యలను విడమరచి చెప్పి మన్వంతరాల సంధులను విడిచిపెడితే, చదివేవారు అసలు లెక్కలోనే లోపం ఉందనుకుంటారు.

రెండో పొరపాటు చిన్నది. కలియుగారంభం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 అని సరిగానే రాశారు కాని, 2025 ఉగాదికి ‘గడిచిన సంవత్సరాలు 5127’ అన్నారు. క్రీస్తుశకంలో సున్నా సంవత్సరం లేదు కనుక గడిచినవి 5126, నడుస్తున్నది 5127వది. తనకు 23 ఏళ్లు నిండేసరికి కలిలో 3,600 సంవత్సరాలు గడిచాయని ఆర్యభటుడు చెప్పుకున్న మాటను క్రీ.శ. 499గా లెక్కించేదీ ఈ పద్ధతిలోనే. ఆర్యభటుడు నాలుగు యుగపాదాలనూ 10,80,000 చొప్పున సమానంగా తీసుకున్నాడని, ఆయన మన్వంతరానికి 72 మహాయుగాలని పటంలో ఒక మూల రాసి ఉంటే ఇంకా సంతోషించేవాడిని.

ప్రచురణకర్తలకు రెండు తప్పులనూ ఉత్తరం ద్వారా తెలియజేశాను, ఇంకా జవాబు రాలేదు. పిల్లలున్న ఇంటికి, పాఠశాలకు ఈ పటం తీసుకోమనే చెబుతాను. మా ఇంట్లో మాత్రం మనుమరాలు పసుపు కాగితాన్ని సన్నగా కత్తిరించి, కల్పం పట్టీ మొదట్లో ఒకటి, ప్రతి మనువు తరువాత ఒకటి, మొత్తం పదిహేను అంటించింది.