కార్ఖానాలో శిక్షణ అకాడమీ: ఏ భాగానికి డబ్బు పెట్టవచ్చు?

జీడిమెట్ల పారిశ్రామికవాడలో వాల్వులు తయారుచేసే మా కంపెనీ గత సంవత్సరం సొంత శిక్షణ అకాడమీ పెట్టుకోవాలని నిర్ణయించి, ఆ పనినంతా ఒక కన్సల్టెన్సీకి అప్పగించింది. ఇటువంటి ప్యాకేజీలు అమ్మేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు కనుక, సంస్థ పేరు పక్కన పెట్టి, వారు అందించిన మూడింటిలో ఏది అక్కరకు వచ్చిందో ఉత్పత్తి విభాగం చూసుకునే మనిషిగా రాస్తున్నాను.

మొదటిది డోజో అని పిలిచే సాధన గది. కోసి లోపలి భాగాలు కనిపించేలా అమర్చిన వాల్వు, బోల్టును నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచ్ బల్ల, గార్డు (రక్షణ మూత) తెరవగానే మోటారు ఆగిపోయే చిన్న యంత్రం, అన్నీ నాణ్యంగానే ఉన్నాయి. ముఖ్యంగా ఫ్లాంజ్ (గొట్టాన్ని మరోదానితో కలిపే వెడల్పాటి అంచు) బోల్టులు బిగించే బల్ల నాకు నచ్చింది. కొత్త కుర్రాడు వరుసగా చుట్టూ బిగించుకుంటూ పోతే, రెండు అంచుల మధ్య నీరు కారకుండా పెట్టే గాస్కెట్‌ను బయటికి తీసినప్పుడు నొక్కుడు గుర్తు ఒకవైపు లోతుగా, మరోవైపు పైపైన కనిపిస్తుంది; ఎదురెదురు బోల్టులను విడతలవారీగా బిగించినప్పుడు అదే గుర్తు చుట్టూ సమానంగా పడుతుంది. హైడ్రో టెస్టులో, అంటే నీటి ఒత్తిడితో చేసే లీకు పరీక్షలో, నీరు ఎందుకు కారిందో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ గాస్కెట్ ముక్క చూపితే ఎక్కుతుంది. అయితే గోడ పోస్టర్లన్నీ ఏదో కార్ల కార్ఖానా కోసం తయారైనవి. కారు తలుపు బొమ్మల ముందు నిలబడి మావాళ్లు నవ్వుకున్నారు. హిందీ, ఇంగ్లీషు రాతలు బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవారికి కొంత ఉపయోగపడినా, మెదక్ వైపు నుంచి వచ్చే ఐటీఐ కుర్రాళ్ల కోసం తెలుగులో మేమే మళ్లీ రాయించుకోవలసి వచ్చింది.

రెండవది శిక్షకుల తయారీ. పెట్టిన ఖర్చుకు న్యాయం జరిగింది ఇక్కడే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కార్ఖానాలలో రూపుదిద్దుకొని, తరువాత జపాన్‌లో వేళ్లూనుకున్న పద్ధతినే వీరు అనుసరించారు: నేర్చుకునేవాడిని సిద్ధం చేయడం, చేసి చూపడం, అతనిచేత చేయించడం, తరువాత కనిపెట్టుకొని ఉండడం. దానికి ముందు ప్రతి పనినీ దశలుగా, కీలకాంశాలుగా, కారణాలుగా విడగొట్టి రాయాలి. లేత్ యంత్రం మీద పనిచేసే మా సీనియర్ టర్నర్ ఒకరు సూక్ష్మమైన కొలతలు తీసే మైక్రోమీటరు వాడకం గురించి మొదట మూడే వాక్యాలు రాశారు. శిక్షకుడు ఆయనచేత అదే కొలతను నాలుగుసార్లు తీయించి, ప్రతిసారీ చేతులను గమనించమన్నాడు. కొలిచే ముఖాలను తుడవడం, సున్నా సరిచూడడం, చివరలో రాట్చెట్ (ఎక్కువ బిగియకుండా ఆపే పిడి) శబ్దం వరకే తిప్పి ఆపడం, ఇవన్నీ తాను చేస్తున్నానని అప్పుడే ఆయనకు తెలిసింది. "ఇవి చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు సార్, చెయ్యి తనంతట తానే చేసేస్తుంది" అన్నారు. ఆ కాగితమే ఇప్పుడు మా మొదటి పాఠం.

మూడవదైన సాఫ్ట్‌వేర్ మాత్రం నిరాశపరిచింది. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో రంగురంగుల పటాలలో చూపుతుందే గాని, ఎవరికి ఏ పని వచ్చిందో చెప్పదు. రాత్రి షిఫ్టు తేదీ మారగానే హాజరు రెండు రోజులుగా విడిపోయేది. ఫిర్యాదు చేస్తే సమాధానానికి వారాలు పట్టింది.

అప్రెంటిస్‌ల సంగతి వారి ప్రతిపాదనలో అసలు లేకపోవడం ఇంకొక లోటు. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ మొత్తం బలగంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది చట్టబద్ధమైన నియమం. అకాడమీకి వచ్చే విద్యార్థులు ప్రధానంగా వారే అయినప్పుడు, పాఠ్యక్రమాన్ని వారి శిక్షణ కాలానికి తగ్గట్టు అమర్చి ఇవ్వవలసింది. ఆ పని మా సిబ్బంది విభాగం చేసుకుంది.

ఒప్పందం పునరుద్ధరణకు వచ్చినప్పుడు శిక్షకుల తయారీని మాత్రమే కొనసాగించాము. సాఫ్ట్‌వేర్ తెర తీసేసిన గోడకు ఇప్పుడు ఎవరికి ఏ పని ఎంతవరకు వచ్చో చూపే గళ్ల చార్టు వేలాడుతోంది. ప్రతి సోమవారం సూపర్‌వైజరు పెన్సిల్‌తో దానిని సరిచేస్తాడు.