పాలిచ్చే తల్లిగా వారం బాక్స్‌కి నా రేటింగ్: అయిదుకి మూడు

పాప పుట్టాక, కూరగాయలూ పండ్లూ వారానికోసారి ఇంటికి తెచ్చిచ్చే సర్వీసులో చేరాను. ఓపిక లేక మాత్రమే కాదు. షాపుకి వెళ్తే ధరలు చూసి నేను ముందు మానేసేది పండ్లే. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఎలాగూ కొంటాం. నారింజల దగ్గరికి వచ్చేసరికి "ఈ వారం వద్దులే, డైపర్లు కొనాలి" అనిపిస్తుంది. ముందే డబ్బు కట్టేస్తే ఆ ఊగిసలాట ఉండదు. ఈ సర్వీసులో నాకు బాగా నచ్చింది అదే.

పాలిచ్చేటప్పటి ఆకలి మామూలుది కాదు. రోజుకి 330 నుంచి 400 కేలరీలు అదనంగా కావాలి. అంత ఆకలికి చవగ్గా దొరికేవి బ్రెడ్డు, బిస్కెట్లు. విటమిన్ సి అవసరమూ పెరుగుతుంది: అమెరికా ప్రమాణాల్లో మామూలు ఆడవాళ్ళకి రోజుకి 75 మిల్లీగ్రాములైతే పాలిచ్చేవాళ్ళకి 120. అది బిస్కెట్లో రాదు కదా!

మొదట్లో బాక్సు బాగుండేది. పాలకూర, క్యారెట్, టమాటా, అరటిపండ్లు, నారింజలు. బయట ధరలు పెరిగాక కూడా బాక్సు ధర పెరగలేదు, బరువూ తగ్గలేదు. లోపల సరుకే మారిపోయింది. పండ్లు తగ్గి, ఆ బరువంతా బంగాళాదుంపలతో నిండింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటుంది. ఆ లెక్కలో బంగాళాదుంప రాదు. "సీజన్‌ని బట్టి మార్పులుంటాయి" అని బాక్సు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే ఎవరు చూస్తారు?

"కొత్త అమ్మల స్పెషల్" బాక్సు జోలికి మాత్రం వెళ్ళకండి. గులాబీ రంగు అట్టపెట్టె, అవే క్యారెట్లు, పైన గుప్పెడు బ్లూబెర్రీలు, ధర మాత్రం బాగా ఎక్కువ. విటమిన్ ఎ కోసమైతే మామూలు బాక్సులో వచ్చే క్యారెట్, పాలకూర చాలు.

తాజా ఆకుకూరతో ఇంకో తంటా. పాప ఏడుపు మధ్య వండే తీరిక దొరికేలోపు సగం వాడిపోతుంది. పారేసినదాని ఖరీదు కూడా మన ఖర్చే. అందుకే బంగాళాదుంపలు తీయించి ఫ్రోజెన్ పాలకూర, బఠాణీ పెట్టించుకుంటున్నాను. గడ్డకట్టించినవాటిలో పోషకాలు పెద్దగా పోవు, కావాల్సినంతే తీసుకోవచ్చు. ఈ మార్పిడి ఆప్షన్ యాప్‌లో ఎక్కడో సెట్టింగ్స్ లోపల దాక్కుని ఉంది. మీ ప్లాన్‌లో అది లేకపోతే చేరకండి.