బస్తా మూతి దగ్గర చూసి వేరుశనగ గుళ్లు కొనకండి

విజయవాడలో వేరుశనగ గుళ్లు బస్తా లెక్కన కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి.

మేము ఏటా ఇంటికి సరిపడా నూనె గానుగలో ఆడించుకుంటాం. ఈసారి వానల్లో ఒక టోకు వ్యాపారి దగ్గర 30 కిలోల బస్తా తీసుకున్నాను. ఆయన మూతి విప్పి గుప్పెడు గుళ్లు నా చేతిలో పోశాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఇంటికి తెచ్చి చాటలో పోసి ఏరుతుంటే సగం వరకు బాగానే ఉన్నాయి. అడుగుకు వచ్చేసరికి ఉండలు కట్టి, మక్కిన వాసన. పైకి శుభ్రంగా కనిపించిన గింజను గోటితో రెండు బద్దలు చేస్తే మధ్యలో పచ్చటి పొడి. గోనె అడుగున జానెడు మేర తడి మరక.

మర్నాడు తీసుకెళ్తే, "ఎండబెట్టి దోరగా వేయించండమ్మా, గానుగలో పడ్డాక ఏమీ ఉండదు" అన్నాడు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ బూజు ఆస్పర్‌జిల్లస్ జాతిదైతే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు కావచ్చు. కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం అది. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది కానీ గింజలో చేరిన విషం పోదు. వేయింపు వేడికీ పూర్తిగా నశించదు. గానుగ ఆడిస్తే ఎక్కువ భాగం చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో మిగిలి, కొంత నూనెలోకి దిగుతుంది. మా చెక్క పాలావిడ గేదెకు వెళ్తుంది, ఆ గేదె పాలు మా ఇంటికే వస్తాయి. మేతలోని ఈ విషం రూపం మార్చుకుని పాలలోకీ వస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు కారణం వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కేనని తేలింది. ఈ విషం బయటపడిందే అప్పుడు.

ఆ రోజు గోడౌను లోపలికి వెళ్లి చూశాను. ముందే చూడవలసింది. ఉప్పు పొంగి పెచ్చులూడిన గోడకు ఆనించి, బల్ల చెక్కలేమీ లేకుండా గచ్చు మీదే బస్తాలు పేర్చారు. పైన గాలి ఆడకుండా టార్పాలిన్ కప్పారు. గుళ్లలో తేమ 7, 8 శాతం దాటకూడదు. ఎండిన గింజ కూడా వానాకాలపు గాలిలోంచి, చెమ్మ గచ్చులోంచి తేమ పీల్చుకుంటుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి ఈ బూజుకు అనుకూలం. మన కృష్ణా తీరంలో ఆ వేడి దాదాపు ఏడాదంతా ఉంటుంది కాబట్టి మన చేతిలో ఉన్నది తేమను ఆపడమే.

కొనేముందు సరుకు ఎక్కడ పెట్టారో చూపించమనండి. తూకానికి ముందే బస్తా మొత్తం పట్టా మీద పోయించండి, ముఖ్యంగా అడుగు గింజలు చూడండి. పురుగు తొలిచినవి, ముక్కలైనవి ఎక్కువగా ఉంటే వదిలేయండి, బూజు ముందుగా పట్టేది వాటికే. వీలైతే కాయలే కొని ఇంట్లో వొలిపించుకోండి, కాయ పైతొక్క ఉన్నంతకాలం గింజకు కొంత రక్షణ. బూజు కనిపించనంత మాత్రాన విషం లేదనుకోవద్దు, ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తెలుస్తుంది. మన దేశంలో నూనె తీయడం లాంటి తదుపరి తయారీకి వెళ్లే నూనెగింజలకు అనుమతించిన పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములే. బిల్లు తప్పక అడగండి, నేను అడగక నష్టపోయాను.

చివరికి ఆయన సగం ధరకు వెనక్కి తీసుకుంటానన్నాడు. తీసుకుని ఎవరికి అమ్ముతాడు? ఇవ్వలేదు. మంచివి ఏరుకుందామని ఇంట్లో అన్నా ఒప్పుకోక, బస్తా మొత్తం గొయ్యి తీయించి పూడ్పించాను. పాలావిడకు ఈ ఏడాది చెక్క లేదని చెప్పాను.