ఐస్‌లాండ్‌లో యాభై రాళ్లు

"ఆ రాయే ఎందుకు తీశావు?" అని మా లెక్చరర్ అడిగితే నోట మాట రాలేదు. చేతిలో కోడిగుడ్డంత నల్లరాయి, నున్నగా ఉంది. ముచ్చటేసి తీశాను, అంతే. మాస్టర్స్ చదివే మనిషి చెప్పాల్సిన జవాబేనా అది? గ్లేసియర్ (కొండమీంచి మెల్లగా జారే మంచు) ముందు కూర్చుని అప్పటికే ఇరవై రాళ్లు కొలిచేశాను. ఒక్కోదానికి పొడవు, వెడల్పు, మందం. ఆపైన అంచులు ఎంత అరిగాయో బొమ్మలతో పోల్చి ఒక అంకె. ఆయన నా నోట్‌బుక్‌లోకి తొంగిచూసి, "నీ లెక్క ప్రకారం మనం గ్లేసియర్ ముందు లేము, నది ఒడ్డున ఉన్నాం" అన్నారు. ఆ ఇరవై రాళ్ల లెక్కనీ కొట్టిపారేశాను. ఈసారి టేపు పరిచి, అర మీటరుకొకటి చొప్పున, దాని కింద ఏ రాయుంటే అదే. వంకరదైనా సరే, బురద పట్టిందైనా సరే. మొత్తం యాభై.

ఏప్రిల్‌లో ఎనిమిది రోజులు ఐస్‌లాండ్ ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లొచ్చాం. ఇరవై రెండు మంది విద్యార్థులం, ఇద్దరు లెక్చరర్లు. నేను ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీలో ఫిజికల్ జాగ్రఫీ చదువుతున్నాను. మాది జహీరాబాద్ పక్క పల్లె. బ్యాచ్‌లో తెలుగువాళ్లం ఇద్దరమే, రెండోవాడు కనిగిరి అబ్బాయి. వచ్చే ఏడాది వెళ్లేవాళ్లు ఇప్పటినుంచే అడుగుతున్నారు కాబట్టి, ఏది పనికొచ్చింది, ఏది దండగ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. ఐస్‌లాండ్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బ్రిటన్ స్టూడెంట్ వీసా ఉన్నా షెంగెన్ వీసా వేరే తీసుకోవాల్సిందే. ఫీజు 90 యూరోలు, దానిమీద సెంటర్ వాళ్ల సర్వీసు చార్జి, అక్కడిదాకా రానూపోనూ రైలు ఖర్చు అదనం. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, యూనివర్సిటీ ఉత్తరం, ఇన్సూరెన్స్, బస కాగితాలు అన్నీ పట్టుకెళ్తే, బస కాగితంలో నా పేరు లేదని వెనక్కి పంపారు. గ్రూపు పేరుమీద బుక్ చేశారు మరి! డిపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం తెప్పించి, మళ్లీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి రెండు వారాలు. కనిగిరి తమ్ముడి పాస్‌పోర్టు విమానం ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. పక్క బెంచీలో కూర్చునే బ్రిటిష్ పిల్లలకి ఈ బాధేమీ లేదు, బ్యాగు సర్దుకోవడమే. సరిహద్దుల పాఠం మా ఇద్దరికీ విమానం ఎక్కకముందే అయిపోయింది. రెండు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టండి, మీ పేరు రాసి ఉన్న బస కాగితం అడిగి తీసుకోండి.

మాంచెస్టర్ నుంచి ఐస్‌లాండ్ విమానాశ్రయం కెఫ్లావిక్‌కి రెండున్నర గంటలు. మొదటి రెండు రాత్రులు రాజధాని రేక్యావిక్‌లో హాస్టల్, ఆరుగురికో గది. శుభ్రం బాగుంది, వంటగది పెద్దది, బస్సు ఆగే చోటికి అయిదు నిమిషాల నడక. వేడి నీళ్లు తిప్పితే మాత్రం కుళ్లిన కోడిగుడ్డు వాసన. భూమిలోంచి వచ్చే నీళ్లు కదా, గంధకం. రెండో రోజుకి ముక్కు అలవాటుపడింది. చల్లటి కుళాయి నీళ్లు మాత్రం అమృతం. సీసా నీళ్లు కొన్నవాడిది డబ్బు మదమే.

తర్వాత నాలుగు రాత్రులు దక్షిణ తీరంలో కొండ కింద ఒక గెస్ట్‌హౌస్. చోటు అద్భుతం, నిర్వహణ అంతంతమాత్రం. ఇంతమందికీ ఒకటే స్టవ్, అందులో రెండు ప్లేట్లు వేడెక్కవు. తడిసిన బట్టలు, బూట్లు ఆరబెట్టుకునే గది లేదు. రోజంతా వానలో, మంచులో తిరిగే పిల్లలకి బస చూసేటప్పుడు మొదట అడగాల్సింది అదే. రేడియేటర్ల మీద సాక్సులు ఆరేసి, ఆ వాసనలో నిద్రపోయాం. హోటల్ తిండి ఊసెత్తకండి. రోడ్డు పక్క ఒక గిన్నెడు సూపు మన లెక్కన పదహారు వందల రూపాయలు పడింది. పంది బొమ్మ బోర్డుండే బోనస్ సూపర్‌మార్కెట్ మమ్మల్ని కాపాడింది. అక్కడి బియ్యం, పెరుగులాంటి స్కీర్, నేను తీసుకెళ్లిన కందిపొడి. మూడో రోజుకి ఇంగ్లీషు పిల్లలు కూడా కందిపొడి డబ్బా కోసం చేయి చాచారు.

ఇక ప్రదేశాలు. థింగ్‌వెల్లిర్‌కి మొదటి మార్కులు. క్రీ.శ. 930లో ఐస్‌లాండ్ సభ ఆల్థింగ్ మొదలైన చోటిది. భూమి పైపొరలోని రెండు పెద్ద ముక్కలు, ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు దూరం జరుగుతున్న చోటూ ఇదే. టూరిస్టులు ఒక కాలు అమెరికాలో, ఒక కాలు యూరప్‌లో అని ఫొటోలు దిగుతుంటారు. నేనూ దిగాను, దాచడమెందుకు. లెక్చరర్ నవ్వి, ఆ గీత ఎక్కడుందో చూపించమన్నారు. గీతంటూ ఏమీ లేదు. కిలోమీటర్ల వెడల్పున నేల కుంగిపోయి, పగుళ్లు పగుళ్లుగా విడిపోతున్న పట్టీ అది. పుస్తకంలో ఎర్ర గీతగా చూసి చూసి, నిజంగానే ఒక గీత ఉంటుందనుకుని వచ్చాం.

అదే రోజు మధ్యాహ్నం గెయ్‌సిర్ వేడినీటి ఊట, గుల్‌ఫాస్ జలపాతం. మన బాత్‌రూముల్లో గీజర్ అనే మాటకి మూలం ఈ గెయ్‌సిరే. ఇప్పుడు అది పెద్దగా ఎగరదు. పక్కనున్న స్ట్రోక్కుర్ కొద్ది నిమిషాలకోసారి చిమ్ముతుంది. చూడటానికి బ్రహ్మాండం. కానీ నలభై నిమిషాలు జనంలో నిలబడి, ఫోను పైకెత్తి, మళ్లీ బస్సెక్కాం. ఏ పనీ చేయలేదు, ఏదీ అడగలేదు. నా నోట్సులో ఆ రెండింటికీ కలిపి మూడు లైన్లున్నాయి. వచ్చే ఏడాది ఈ పూట తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

హెల్లిస్‌హెయ్‌ది భూతాప విద్యుత్ కేంద్రానికి అయిష్టంగానే వెళ్లాను, పైపులేం చూస్తాంలే అని. అక్కడ నన్ను ఆపేసింది చేతి మందం రాతి స్తంభం ఒకటి. కేంద్రం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలో కరిగించి బసాల్ట్ అనే లావా రాతిలోకి దింపుతారు. రాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి అది ఖనిజంగా గట్టిపడుతుంది. మొదటి ప్రయోగంలో రెండేళ్లలోపే దాదాపు అంతా రాయైపోయిందట. భూమిలోంచి తీసిన ఆ నల్లరాతి బొరియల్లో తెల్లటి పలుకులు. అచ్చం మా బావి తవ్వినప్పుడు బయటపడ్డ రాళ్లలాగే! చిన్నప్పుడు ఆ తెల్ల పలుకులు గిల్లి ఆడుకునేవాళ్లం. మాదీ బసాల్టే, దక్కన్ లావా. ఇక్కడి నేలలో అన్నింటికన్నా పాతది ఒక కోటీ అరవై లక్షల ఏళ్లది, మాది ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్లది. అన్నేళ్లు ఎండకీ వానకీ నాని మా రాయి నల్లరేగడైంది, అందులో మా నాన్న శనగ వేస్తాడు. ఇక్కడి రాయి మీద నాచు తప్ప ఏమీ లేదు. ఒకటే రాయి, వయసూ వాతావరణమూ వేరు. ఈ ముక్క డిగ్రీలో బట్టీ పట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ రాతి మీద వేలు పెట్టేదాకా మా చేను గుర్తుకు రాలేదు.

రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరానికి వెళ్లిన రోజు కార్ పార్కింగ్ దగ్గర హెచ్చరిక దీపం ఎర్రగా వెలుగుతోంది. ఉన్నట్టుండి లోపలికి దూసుకొచ్చే అలలు అక్కడ మనుషుల్ని లాక్కెళ్లాయి. మా వాళ్లు దిగనివ్వలేదు. పక్క బస్సు వాళ్లు దిగారు, సెల్ఫీలు తీసుకున్నారు, మాలో కొందరు గొణిగారు. నాకైతే ఆ కట్టడి నచ్చింది. దూరం నుంచే బసాల్ట్ స్తంభాలు చూశాం. లావా చల్లారుతూ ముడుచుకుపోయి ఆరు పలకల స్తంభాలుగా చీలుతుంది. ఎండాకాలం మా చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టే, కాకపోతే రాతిలో.

ట్రిప్పు మొత్తానికి విలువ తెచ్చింది సోల్‌హైమాయోకుల్ దగ్గర గడిపిన రెండు రోజులు. కట్లా అగ్నిపర్వతాన్ని కప్పిన మీర్‌దాల్స్‌యోకుల్ మంచు నుంచి కిందికి జారే నాలుక అది. పైన చెప్పిన రాళ్ల కథ జరిగింది ఇక్కడే. గ్లేసియర్ వదిలిన గుట్ట మీద యాభై, లోయ పక్క నుంచి రాలిన రాళ్లలో యాభై, కరిగిన నీళ్లు పారే చోట యాభై. పొడవులో పదింట నాలుగు వంతులకు మించని మందం ఉన్న రాళ్లు వందకెన్ని, పదునైన అంచులున్నవి ఎన్ని అని లెక్కగడితే, ఏ రాయి ఏ దారిన వచ్చిందో బయటపడుతుంది. మంచు కింద నలిగిన రాయి వేరు, నీళ్లలో దొర్లిన రాయి వేరు. నేను ముచ్చటపడి ఏరిన ఇరవై రాళ్లూ అలాగే ఉంచి ఉంటే గ్లేసియర్ నదైపోయేది. కావాలని చేసిన మోసమేం కాదు, కళ్లకు నున్నటి రాయి మీదికే చూపు పోతుంది. రెండు జతల గ్లవుజులు తడిసి వేళ్లు కొంకర్లు పోయాయి, రాళ్లు కొలిచే కాలిపర్ పట్టు జారిపోయేది. కనిగిరి తమ్ముడు అంకెలు రాస్తూ, "అక్కా, ఇంకా పదమూడే, ఇంకా పన్నెండే" అంటూ ఎగ్జామ్ హాల్లో ఇన్విజిలేటర్‌లా టైమ్ చెప్పాడు.

ఆ గ్లేసియర్ ఎంత వెనక్కి పోతోందో 2010 నుంచి ఏటా కొలుస్తున్నది ఎవరనుకున్నారు? హ్వోల్స్‌వొల్లుర్ అనే చిన్న ఊరి బడిపిల్లలు. వాళ్లు రాసిపెట్టిన బోర్డు దారిలోనే ఉంది. మొదట్లో పిల్లలు నడిచి కొలిచిన చోట ఇప్పుడు మడుగు. మేం గొప్పగా చేశామనుకున్న రెండు రోజుల పని ఆ బోర్డు ముందు చిన్నబోయింది.

గ్లేసియర్ మీద నడిపించిన గైడ్ చాలా మంచిమనిషి. బూటు కింద కట్టే ఇనుప ముళ్లు ఒక్కొక్కరివీ లాగి చూసి మరీ పంపాడు. అద్దె బూట్ల దుకాణం మాత్రం మోసం. నాకిచ్చిన జతకి రెండో రోజే అడుగు ఊడొచ్చింది, డబ్బు వెనక్కివ్వలేదు. ఖర్చైనా సొంత బూట్లు కొనుక్కుని, నెలముందు నుంచే తొడుక్కుని తిరగండి.

సాయంత్రాలు ఊరి ఈతకొలనుకి వెళ్లేవాళ్లం. అది చెప్పకపోతే అన్యాయం. వేడినీళ్ల కొలనులోకి దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి, అందరి ముందూ. గోడమీద బొమ్మ కూడా ఉంటుంది, ఒంట్లో ఎక్కడెక్కడ రుద్దుకోవాలో ఎర్ర రంగుతో. మొదటి రోజు టవల్ చుట్టుకుని నిలబడ్డాను. కాపలా పెద్దావిడ వచ్చి నెమ్మదిగా బొమ్మ వైపు వేలు చూపింది. రెండో రోజు కళ్లు మూసుకుని చేసేశాను. మూడో రోజు అదొక విషయమే కాదు. ఆ నీళ్లలోనే ఒక ముసలామె 2010లో ఎయ్యాఫ్యట్లయోకుల్ అగ్నిపర్వతం పేలినప్పుడు మధ్యాహ్నం చీకటి పడిపోయిందని, గొర్రెలన్నింటినీ లోపలికి తోలామని చెప్పింది. బూడిద మేతలో పడితే గొర్రెలు బతకవన్న భయం వాళ్లకి తాతల నాటిది. 1783లో లాకి అగ్నిపర్వత పగులు నుంచి లావా ఎనిమిది నెలలు పారింది. దాని వాయువుల్లోని ఫ్లోరిన్ గడ్డిలో చేరి, పశువుల పళ్లూ ఎముకలూ పాడై అవి చచ్చాయి. వెనకే వచ్చిన కరువులో దేశ జనాభాలో అయిదో వంతు పోయింది. మర్నాడు బస్సులో లెక్చరర్ ఇది చెబుతుంటే కనిగిరి అబ్బాయి నా వైపు తిరిగి, "అక్కా, మా ఊరి బావి ఫ్లోరైడ్ నీళ్ల కథే ఇది" అన్నాడు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు వాడి డిసర్టేషన్ ఫ్లోరైడ్ మీదే.

చివరి పెద్ద మజిలీ స్కెయ్‌దరారసాందుర్. కనుచూపు మేరా నల్లటి ఇసుక మైదానం. 1996లో వాత్నయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీళ్లు మంచు కిందే ఉన్న గ్రిమ్స్‌వొత్న్ సరస్సులో నెలరోజులు నిండాయి. నవంబరు 5న ఆ వరద బయటపడింది. ఉధృతి సెకనుకి 45,000 ఘనపు మీటర్ల పైమాటే, అంటే మన లెక్కలో పదహారు లక్షల క్యూసెక్కులు. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షలు తెచ్చింది. కానీ ఆ నీళ్లు మూడు లక్షల చదరపు కిలోమీటర్ల మీద కురిసిన వాన. ఇక్కడ వాన చుక్క లేదు, ఒక్క గ్లేసియర్ కడుపులోంచి వచ్చింది. సరస్సుని కనిపెట్టుకుని ఉండి రోడ్డు ముందే మూసేశారు కాబట్టి మనిషి ప్రాణం పోలేదు. ఆ వరదకి వంకర్లు తిరిగిన వంతెన ఉక్కు దూలాలు రోడ్డు పక్కనే వదిలేశారు.

ఇంకొంచెం ముందుకెళ్తే 1974లో కట్టిన 880 మీటర్ల పాత వంతెన. దాని కింద నది లేదు. 2009లో మంచు వెనక్కి తగ్గడంతో స్కెయ్‌దరా నది నీళ్లు పడమటికి మళ్లి ఇంకో ఏటిలో కలిశాయి. 2017లో పక్కనే చిన్న వంతెన కట్టుకున్నారు. ఫోన్లు జేబులో పెట్టించి, అరగంట బొమ్మ గీయమన్నారు. ఫొటో అయితే అర సెకను పని. గీస్తుంటేనే, ఇంత పొడవు వంతెన ఎందుకు, స్తంభాల మధ్య అంత దూరమెందుకు, ఇసుకలో ఆ ఎండిన పాయలేవి అని ఒక్కో ప్రశ్న లేచింది. అరగంటయ్యేసరికి నా బొమ్మ వంతెనలా లేదు గానీ, పాత నది ఎటు పారిందో అందులో కనబడుతోంది.

యోకుల్‌సార్లోన్‌కి చేరేసరికి గాలి పెరిగింది, ఇరవై నిమిషాలే ఆగాం. మంచుగడ్డలు తేలే సరస్సు, అందరూ కలవరించే చోటు. అందంగా ఉంది.

డబ్బు సంగతి. విమానం, బస్సు, బస కోర్సు ఫీజులోనే. వీసా, బట్టలు, బూట్లు, తిండి కలిపి నా చేతినుంచి ముప్పై వేల రూపాయలు దాటింది. లోను మీద చదివేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. డిపార్ట్‌మెంట్‌లో వీసా ఖర్చుకి సాయం చేసే నిధి ఉందని తిరిగొచ్చాక తెలిసింది, మీరు ముందే అడగండి. రాళ్లు ఏరే విద్య మంజీరా ఒడ్డునా నేర్చుకోవచ్చు, అందుకు సముద్రం దాటక్కర్లేదు. నది తప్పుకున్న వంతెన, ఇంకా మట్టి కాని బసాల్ట్, పిల్లలు కొలిచే గ్లేసియర్ మాత్రం వారం రోజుల్లో ఒకే రోడ్డు మీద ఇంకెక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. నన్నడిగితే ఒక రోజు టూరిస్టు చోట్లు తీసేసి, సోల్‌హైమాయోకుల్‌కి మూడో రోజు ఇవ్వాలి.

సామాన్లలో వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మరిచిపోవద్దు, జాకెట్ ఒక్కటీ చాలదు. గ్లవుజులు మూడు జతలు. రాసుకోవడానికి పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. థింగ్‌వెల్లిర్ వానలో నా మొదటి రోజు నోట్సంతా నీలం మరకైపోయింది.